పటాలమునుండి వచ్చిన ఉత్తరము

ఆలంకారికులు నాయికలను ఎనిమిది విధములుగా విభజించినపుడు, దూరదేశగతుడైన భర్తకై ఎదురుచూచు స్త్రీకి ప్రోషితభర్తృక యని పేరిడి, ఆమె కన్నీటిని, చెదరిన కురులను, కృశించిన దేహమును కవులకు వర్ణ్యవస్తువులుగా అప్పగించిరి. కాని ఆ దూరదేశమున ఆ భర్త ఏమి తినెనో, ఎచ్చట పరుండెనో, ఇంటికి ఒక మాట తెలుపవలెనన్న ఎవరిని బతిమాలుకొనెనో విచారించినవారు అరుదు. కాళిదాసుని యక్షునకు శాపావధి ఒక్క సంవత్సరమని ముందే తెలియును. వార్త మోయుటకు మేఘమొకటి దొరకినది. నా చిన్ననాటి యుద్ధకాలమున పటాలములో చేరి సముద్రము దాటిన తెలుగు సిపాయికి అవధి తెలియకుండెను. తానున్న యూరి పేరు వ్రాయుటకు అనుజ్ఞ లేకుండెను. పెక్కుమందికి వ్రాతయే రాకుండెను. అట్టి సిపాయి దినచర్యను గూర్చియు, అతనికిని భార్యకును నడుమ నడచిన ఉత్తరములను గూర్చియు కొంత చెప్పవలెనని చాలకాలముగా నా మనస్సున నున్నది. ఏలయనగా ఆ ఉత్తరములలో కొన్నిటిని చదివి వినిపించినవాడను నేనే.

తెలుగువారికి సిపాయి వృత్తి క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసునుండి వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలలో తెలుగువారుండుటచేత, ఉత్తరహిందూస్థానమున ‘తిలంగా’ యను శబ్దమే సిపాయికి మారుపేరైనది. 1857 నాటి ఢిల్లీ కాగితములలో తిలంగాలని వ్యవహరింపబడినవారు చాలవరకు అయోధ్యాప్రాంతపు హిందూస్థానీలే. వారికి తెలుగు మాట ఒక్కటియు రాదు. అయినను పేరు మాత్రము మనదే. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరగునంతగా మనవారు ఆ వృత్తిలో ముందుగా అడుగిడిరన్న మాట చరిత్రలో చిన్నది కాదు. మన పాఠ్యపుస్తకములు దానిని తలపకపోవుట నాకెన్నడును కష్టముగనే తోచినది.

ఆనాటి మద్రాసు సైన్యమునకు ఒక విశేషమున్నది. సిపాయి ఏ దండునకు పోయిన ఆ దండునకు అతని ఆలుబిడ్డలును, ఒక్కొక్కచో ముసలి తల్లియు వెంట నడచెడివారు. పటాలము మజిలీ చేసినచోట వెనుకవైపున మరియొక యూరు వెలసెడిది. అందు పొయ్యిలు, ఉయ్యెలలు, కోళ్లగంపలు, కొట్లాటలు అన్నియు నుండెడివి. పై యధికారులు సామాను బరువని విసుగుకొన్నను, ఆలుబిడ్డలు దగ్గరనున్న సిపాయి పారిపోడని ఎరిగి ఊరకుండిరి. 1824లో బర్మా యుద్ధమునకై మద్రాసు పటాలములు ఓడ లెక్కవలసి వచ్చినపుడు ఆ పొయ్యిలు ఒడ్డున నిలిచిపోయినవి. సిపాయి జీతములో కొంత భాగమును ఇంటివారికి ఇచ్చటనే చెల్లించు ఏర్పాటు సముద్రయానముతోడనే బలపడినది. భార్యాభర్తల నడుమ జీతపు కాగితము వచ్చి కూర్చుండుట అప్పటి మాట. కనుక సిపాయి వియోగమనునది అనాది కాదు. అది ఓడతో వచ్చినది.

పందొమ్మిదవ శతాబ్ది చివర యోధజాతుల సిద్ధాంతమొకటి పుట్టి, పంజాబు, నేపాళము, సరిహద్దు ప్రాంతముల వారే పోట్లాటకు తగినవారని నిర్ణయింపగా, తెలుగువారి చేరిక సన్నగిల్లెను. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యమునకు అధిపతిగా నుండి, పిదప దేశసైన్యమున కంతటికిని అధిపతియైన రాబర్ట్సుదొర ఈ యభిప్రాయమునకు గట్టి అండ. తిలంగా యను పేరునకు మూలమైన జాతిని తిలంగా వృత్తికి పనికిరాదనుట ఎంత యన్యాయమో విడమరచి చెప్పనక్కరలేదు. బెంగుళూరులోని మద్రాసు సాపర్లు, అనగా వంతెనలు కట్టి, బాటలు వేసి, మందుపాతరలు తీయు పటాలమువారు మాత్రము తమ తావున నిలిచిరి.

మొదటి ప్రపంచయుద్ధమునకై 1914 సెప్టెంబరు 26వ తేదీన భారతసైన్యము ఫ్రాన్సుదేశపు మార్సేల్సు రేవులో దిగినది. సిపాయికి నెలకు 11 రూపాయల జీతము. ఎన్నడు నెరుగని మంచు. మోకాటిలోతు బురద నిండిన కందకములు. బులోన్ పట్టణమున భారతీయుల జాబులను చదువుటకై ప్రత్యేకముగా ఒక కచేరి వెలసి, సిపాయి వ్రాసినదియు, సిపాయికి వచ్చినదియు అచ్చటి కండ్ల బడకుండ సాగుటకు వీలు లేకుండెను. ఆ సంగతి సిపాయిలు వెంటనే గ్రహించి, నల్లమిరియములు తరుగుచున్నవి, ఎఱ్ఱమిరియములు వాడుచున్నారు అని వ్రాసెడివారు. నల్లవనగా మనవారు, ఎఱ్ఱవనగా తెల్లవారు. ఆ కచేరి వారు చదువుటకై అనువదించుకొన్న భాగములు నేటికిని లండనులో భద్రముగా నున్నవి. భార్య చేతికి అందిన మూలము ఏ చూరునందో చెదలకు ఆహారమైనది. చదువకూడనివాడు ఎత్తి వ్రాసికొన్న ముక్క మిగిలినది.

రెండవ యుద్ధమునాటికి సంగతి మరింత పెరిగినది. 1939లో సుమారు రెండు లక్షలున్న సైన్యము యుద్ధాంతమునకు 25 లక్షలైనది. ఒక్కరినైనను చట్టముచే బలవంతపెట్టి చేర్చుకొనలేదు, అందరును తామై చేరినవారే. తామై చేరుటలో ఎంత ఇష్టమున్నదో, ఎంత ఆకలి యున్నదో వేరుచేయుట కష్టము. ధాన్యమునకు ధరలేని 1930 నాటి మాంద్యము కుటుంబముల నడుము విరిచియుండెను. రెండు పూటల తిండి, బట్ట, నెలకు మనియార్డరు అనిన మాట ఊరూర వినబడెను. రద్దైన మద్రాసు రెజిమెంటును మరల నెలకొల్పిరి. తాడేపల్లిగూడెమునకు సమీపముననున్న మాధవరము ఇంటింట సిపాయినిచ్చి మిలట్రీ మాధవరమని పేరు తెచ్చుకొన్నది. మొదటి యుద్ధమునకు 90 మంది, రెండవ యుద్ధమునకు 1110 మంది పోయిరని ఆ యూరివారు చెప్పుకొను లెక్క. అన్ని ఇండ్లలో మగవాడు లేని సాయంకాలము ఆ యూర ఎట్లుండెనో, ఆ లెక్క విన్నప్పుడెల్ల నేను ఊహించుకొనుచుందును.

చేరినవాడు మొదట రంగరూటు. వానికి మొదటి కష్టము తుపాకి కాదు, భాష. సైన్యపు బోధన అంతయు ఉర్దూలో. ఆ ఉర్దూను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట రివాజు. చిన్న పరీక్ష గట్టెక్కవలెనన్నను అది రావలెను. మన పల్లెలనుండి పోయినవారిలో తెలుగున ఓనమాలు దిద్దనివారు మెండు. వారు తమది కాని లిపిలో, తమది కాని భాషను ఆరుమాసములలో నేర్చిరి. కాని ఆ చదువు ఇంటికి జాబు వ్రాయుటకు అక్కరకు రాలేదు. అట్లు అక్షరాస్యుడయ్యును సిపాయి తన భార్యకు ఒక మాట చెప్పుటకు ప్రక్క మంచపువానిని ఆశ్రయింపవలసివచ్చెను. కంపెనీకొక్కడో ఇద్దరో తెలుగు వ్రాయగలవారుండిన, ఆదివారము మధ్యాహ్నము వారి చుట్టును పదిమంది చేరెడివారు.

ఈజిప్టుకు పడమరనున్న ఎడారిలో 4వ భారత డివిజనుతో మద్రాసు సాపర్లు పనిచేసిరి. అచ్చటి దినము తెల్లవారకమున్నే మొదలగును: చీకటియుండగనే ప్రతివాడును ఆయుధము పట్టి గోతిలో నిలిచి తూరుపు ఎఱ్ఱబడువరకు చూచుచుండవలెను, శత్రువు వచ్చు వేళ అదియే గనుక. వెలుతురు వచ్చిన తరువాత తేనీరు. నీరు మనిషికి దినమునకు గాలను దాటదు. త్రాగుటకు, వండుటకు, గడ్డము గీచుకొనుటకు అదియే. గడ్డము గీచిన మగ్గెడు నీటితోనే చేతిరుమాలు తడిపి ఒడలు తుడుచుకొందురు. గోదావరి కాలువలో మూడు మునుగులు మునిగి బిందెతో నీళ్లు తెచ్చిన దేహమునకు అది యెంత పరీక్షయో! పగలు పని మందుపాతరలది. ఇసుకలో బోర్లపడి, బాయొనెట్టు మొనను ఏటవాలుగా గ్రుచ్చుచు, ఇనుము తగిలినచో ఆగి, వ్రేళ్లతో ఇసుక తొలచి, దాని మూత ఎత్తి, మూలము విప్పవలెను. వరిచేలో కలుపుతీయు చేతికి ఈ యోపిక కొంత అలవాటే. తప్పిన కలుపుమొక్క మనిషిని చంపదు, అంతే భేదము.

సాయంకాలము ప్రొద్దు క్రుంకకమునుపే తినవలెను. తరువాత దీపము వెలిగింపరాదు. రొట్టె తినువారికి గోధుమపిండి, అన్నము తినువారికి బియ్యము వేరుగా వచ్చుచుండెను. లంగరను సైన్యపు వంటశాలలో వండిన ఆ యన్నమునందు కసకసలాడు ఇసుకను గూర్చియు, పచ్చడి మెతుకును గూర్చియు వచ్చిన సిపాయి లందరును ఒక్కవిధముగనే చెప్పగా వింటిని. ఆ తరువాత చీకటి. పగలెంత భయమున్నను పనిలో తెలియదనియు, అన్నము తిన్న పిదప మాత్రమే ఇల్లు జ్ఞప్తికి వచ్చుననియు వారన్నదానిలో నాకు సందేహము లేదు.

ఇక ఉత్తరములు. నేను పదునొకండేండ్ల వాడనై గోదావరి ప్రాంతపు ఒక పల్లెలో ఎనిమిదవ తరగతికి సిద్ధపడుచున్న కాలమున, మా వీధి చివర ఇంటిలో ఒక సిపాయి భార్య యుండెను. ఆమెను నేను అత్తా యని పిలిచెడివాడను. ఆమె భర్త మామయ్య. ఆమె మామగారికి చత్వారము వచ్చినది, మరుదులకు చదువు లేదు; కనుక జాబు వచ్చిన దినమున నాకు పిలుపు వచ్చుచుండెను. పైని చిరునామాలో ఊరు లేదు, దేశము లేదు; ఒక నంబరు, పటాలము పేరు, క్షేత్ర తపాలా కచేరి. మీ మామయ్య ఎక్కడున్నారని అడిగిన ఆమె చెప్పగలది ఆ నంబరే.

ఆ జాబు ఆమెకు వ్రాసినది కాదు. నాడు అట్లు వ్రాయు ఆచారము లేదు. ‘మహారాజశ్రీ నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, ఇచ్చట నేను క్షేమము, అచ్చట మీ యందరి క్షేమము తెలుపవలెను’ అని మొదలై, తండ్రి దగ్గును, తమ్ముని సేద్యమును, శిస్తును, మనియార్డరు ముట్టినదా లేదా యను ప్రశ్నను దాటి, చివర ‘ఇంట్లో అందరిని అడిగినట్లు చెప్పవలెను’ అని ముగియును. ఆ ‘ఇంట్లో’ యను మాటయే ఆమె. ఆనాటి తెలుగు మగవాడు భార్యను పేరుపెట్టి పదిమందిలో పిలువకుండెను, తెలుగు ఆడుది భర్త పేరు నోట పలుకకుండెను. అట్టి దంపతుల మాట ఎడారిలో నొక వ్రాయసకాని చెవినుండి, అధికారి కంటినుండి, తపాలావాని చేతినుండి, మామగారి ఎదుట నాబోటి పిల్లవాని నోటినుండి నడచి రావలెను. నలుగురి నడుమ మాటలాడుట ఎట్లో వారికి ముందే తెలియుటచేతనే అది సాధ్యమైనదని ఇప్పుడు నాకు తోచుచున్నది. ఉమ్మడి కుటుంబపు వసారా వారికి ఆ విద్య నేర్పియుండెను.

ఒక జాబులో, శిస్తు సంగతికిని దగ్గు మందునకును నడుమ, ‘పెరటిలో మునగ కాసినదా’ అని యుండెను. తలుపు చాటుననున్న అత్త, మామగారు లేచిపోయిన తరువాత వచ్చి, “ఆ మునగ ముక్క మళ్లీ చదువు నాయనా” అనెను. చదివితిని. మరల చదివించినది. ఆ కొమ్మ నాటినది ఎవరో, ఏనాడో నేనడుగలేదు. వారు కాపురమునకు వచ్చిన మొదటి వర్షాకాలమున ఇద్దరును కలిసి నాటిరని మా యమ్మ చెప్పగా చాల యేండ్లకు తెలిసినది.

జవాబు నేనే వ్రాసితిని. ఆమె చెప్పినదంతయు గేదెను గూర్చియే: గేదె ఈనినది, పెయ్యదూడ, పాలు పూటకు ఇంత. “ఇంకేం రాయమంటావు అత్తా?” అంటిని. “ఇంకేముంది, అంతే” అని, నేను కాగితము మడచుచుండగా, గడపవైపు చూచుచు, “మునగ కాసింది గానీ, ఈ ఏడు ఎవరికీ కోయబుద్ధి కాలేదని రాయి” అనెను. నాకప్పుడు అది విచిత్రమైన మాటగా తోచి, ఎందుకు కోయలేదని అడుగబోయి, ఆమె ముఖము చూచి మానుకొంటిని.

యుద్ధమునకు పోయినవాడు అపాయములోను, ఇంటనున్న ఆలు సుఖములోను ఉండునని మన మనుకొందుము. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసెను. జనము మూటాముల్లె కట్టుకొని లోపలి పల్లెలకు తరలిరి. మా యూరికిని బండ్లు వచ్చినవి. ఆ వార్త ఎడారిలో నోటినుండి నోటికి పెరిగి, గోదావరి జిల్లాలే లేవన్నంతదాక పోయినదని మామయ్య తరువాత చెప్పెను. జాబు పోయి జాబు వచ్చుటకు నెలలు. ఆ నెలలలో తుపాకి పట్టినవాడు తనకై కాక, తులసికోటకు దీపము పెట్టు ఆలికై నిద్రమానెను. మరుసటేట బర్మా బియ్యము రాక, వంగదేశమున లక్షలజనము ఆకలికి బలియగుచుండగా, మన వైపునను బియ్యము ధర ఎగసి కిరసనాయిలు కరవైనది. అందుచేతనే నేను ఆ జాబులను ఆముదపు దీపము దగ్గర చదివితిని. మనియార్డరు అదే, దానితో వచ్చు బియ్యము మాత్రము నెలనెలకు తక్కువ. తిండి దొరకుచున్నది, తినుచున్నామని ఇచ్చటినుండియు, ఇచ్చట అంతయు నెమ్మది యని అచ్చటినుండియు వ్రాసికొనిరి; ఇరువైపుల నడచిన ఆ అబద్ధములకంటె గొప్ప సత్యము ఆ యుద్ధకాలమున నాకు కనబడలేదు.

ఉత్తరమైనను రానివారి గతి చెప్పుటకు మనసొప్పదు. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు లొంగిపోయినపుడు నలువదివేలకు పైబడిన భారతసైనికులు జపానువారి చేత చిక్కిరి. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. కొందరిని న్యూగినీ వంటి దీవులకు కూలికై తరలించిరి. ఇంటికి వచ్చినది ‘కానరాలేదు’ అను అర్థమిచ్చు కాగితము మాత్రమే. చనిపోయెననిన ఒక కర్మకాండ గలదు, బ్రదికియున్నాడనిన పసుపు కుంకుమలు గలవు. కానరాలేదనిన దానికి మన ఇండ్లలో ఏ విధియు లేదు. ధర్మకార్యమునకై పోయిన భర్తకై ఎనిమిదేండ్లు, విద్యకో యశస్సునకో పోయినవానికై ఆరేండ్లు, కామమునకై పోయినవానికై మూడేండ్లు ఎదురుచూడవలెనని మనువు చెప్పెను. నెలజీతమునకై పరదేశపు రాజు యుద్ధమునకు పోయినవాడు ఇందులో ఏ కోవలోనివాడు? ఆ స్త్రీలు లెక్కపెట్టలేదు. ప్రొద్దున బొట్టు పెట్టుకొనుచు, అది తగునా కాదా యని ఇరుగుపొరుగు చూచు చూపు సహించుచు, మూడేండ్లకు పైగా గడపిరి.

ఇటలీదేశమున మిన్యానో దగ్గర 1944 ఫిబ్రవరి 24వ తేదీన మద్రాసు సాపర్ల సుబేదారు సుబ్రహ్మణ్యము, తోటివాని కాలిక్రింద పాతర కదలిన చప్పుడు విని, అది పగులుటకు మిగిలిన కొన్ని క్షణములలో దానిపై తాను పడి తనవారిని కాపాడెను. ఆయన తమిళుడు, చెంగల్పట్టు జిల్లావాడు. మరణానంతరము ఇచ్చిన జార్జి క్రాసును ఆయన భార్యయే అందుకొనెను. ఆ పతకము చూచినపుడెల్ల వీరగాథ చెప్పుదుము. ఆ సమయమున, వారమునకో నెలకో ఆమెకు అందవలసిన ఆయన జాబు ఏదైన త్రోవలో నుండెనా యను విచారము నన్ను విడువదు. ఆనాడు సిపాయి మరణవార్త తంతి మీద వచ్చెడిది. అతని క్షేమవార్త ఓడ మీద వచ్చెడిది. చనిపోయినవాడు తాను క్షేమమని వ్రాసిన జాబు తరువాత వచ్చి చేరిన ఇండ్లు దేశమున ఎన్నియో.

మా వీధి మామయ్య 1946లో తిరిగి వచ్చెను. పచ్చరంగు రేకుపెట్టె, దానిపై తెల్లరంగుతో పేరు, నంబరు, రెండు కంబళ్లు, ఒక ఎనామిలు మగ్గు. ఊరివారు ఎడారిని గూర్చి అడుగుచుండగా అతడు పెరటిలోనికి పోయి చెట్టు చూచి వచ్చి కూర్చుండెను. అత్త తన చందనపు పెట్టెనుండి జాబుల కట్ట తీసినది. అందొక జాబున, మునగ ప్రశ్నకు క్రింద, ఒక పంక్తిమీద అధికారి నల్లసిరా పూసియుండెను. ఆ జాబు వచ్చిననాడు దానిని దీపమున కెదురుగా పట్టి చదువుమని ఆమె నన్ను అడిగెను. కాగితము కాలునంత దగ్గరగా పట్టినను ఒక్క అక్షరము కనబడలేదు. నాలుగేండ్లపాటు ఆమె ఆ పంక్తిని దాచిపెట్టుకొన్నది. ఇప్పుడు దానిని తెచ్చి, నేను అచ్చటనే యుండుట గమనింపక, “ఇక్కడ ఏం రాయించారు?” అని అతని నడిగెను.

అతడు కాగితము వెలుతురునకు త్రిప్పి, చాలసేపు చూచెను.

“ఏదో ఊరి పేరై ఉంటుంది” అనెను.

ఆమె దానిని అతని చేతినుండి తీసికొని, మడతలు తప్పకుండ మడచి, మరల పెట్టెలో పెట్టుకొన్నది.